వీసాతో పాటే ముగిసే బీమా

2020 ఏప్రిల్‌లో జగిత్యాల జిల్లాకు చెందిన ఒక వలస కార్మికుడు కరోనాతో దుబాయ్‌లో ఆసుపత్రి పాలయ్యాడు. ఎనభై రోజులు మంచం మీదే ఉన్నాడు. ప్రాణం దక్కింది. బిల్లు మాత్రం 7,62,555 దిర్హాములు, మన లెక్కలో కోటీ యాభై రెండు లక్షల రూపాయలు అయింది. అక్కడి తెలుగు కార్మిక సంఘం వాళ్లు భారత కాన్సులేట్‌ను కదిలించారు, కాన్సులేట్ ఆసుపత్రికి లేఖ రాసింది, ఆసుపత్రి మొత్తం మాఫీ చేసింది. అదే ఏడాది చివర ఇదే జిల్లావాసి మరొకరికి దుబాయ్‌లో పక్షవాతం వచ్చింది. నెలల తరబడి ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యం సాగింది. బిల్లు మూడు కోట్ల రూపాయలు దాటింది. అదీ మాఫీ అయింది. 2021లో ఆయనను హైదరాబాద్‌కు చేర్చారు.

ఆ రెండు వార్తలు చదివి ఇక్కడ అందరం ఊపిరి పీల్చుకున్నాం. సాయం చేసిన వాళ్లకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ కోటి రూపాయల బిల్లు ఎవరి దయతో తీరిందన్నది ఒక ప్రశ్నయితే, ఆ బిల్లు కార్మికుడి నెత్తిన పడే పరిస్థితి ఎందుకు వచ్చిందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. రాయికల్ మండలంలోనూ, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లలోనూ, సిరిసిల్ల జిల్లా కోనరావుపేట, చందుర్తి వైపు పల్లెల్లోనూ గల్ఫ్‌తో సంబంధం లేని వాడకట్టు దొరకడం కష్టం. ఇక్కడి నుంచి పోయేవాళ్లకు బీమా అసలే లేదంటే అది నిజం కాదు. నాలుగైదు రకాల బీమాలు ఉన్నాయి. కానీ ఒక్కొక్కటి ఒక్కో కాగితానికి ముడిపడి ఉంది. వీసా ఉన్నంతకాలం ఒకటి, అకామా (నివాస అనుమతి) చెల్లినంతకాలం ఒకటి, పాస్‌పోర్టులో ఒక ముద్ర ఉంటే ఒకటి, ఇంట్లో ఆహార భద్రత కార్డు ఉంటే ఇంకొకటి. ఒక కాగితం చెల్లిపోయి ఇంకో కాగితం చేతికి రాని సందులోనే మన మనిషికి జబ్బు చేస్తోంది. ఈ వ్యాసం ఆ సందుల గురించే.

ముందు గల్ఫ్ దేశాల చట్టాలు చూద్దాం. అవి చాలామంది అనుకున్నంత చెడ్డవి కావు. సౌదీ అరేబియాలో ప్రైవేటు కంపెనీలో పనిచేసే విదేశీయుడికి యజమానే ఆరోగ్య బీమా చేయించాలి. ఈ చట్టం 1999లోనే వచ్చింది, ఆ తర్వాత దశలవారీగా అమల్లోకి తెచ్చారు. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం ఒక మనిషికి ఏటా పది లక్షల రియాళ్ల వరకు వైద్యం అందాలి. దుబాయ్‌లో 2013 నాటి 11వ నంబరు చట్టం ఉంది. నెలకు నాలుగు వేల దిర్హాములు, అంతకన్నా తక్కువ జీతం ఉన్నవాళ్లకు కనీస ప్రయోజనాల పాలసీ ఒకటి పెట్టారు. దాని కింద ఏటా లక్షన్నర దిర్హాముల వరకు ఖర్చు బీమా కంపెనీదే. అబుదాబిలో ఇంకా ముందు, 2005 చట్టంతోనే ఈ పద్ధతి మొదలైంది. షార్జా, అజ్మాన్, రస్ అల్ ఖైమా, ఫుజైరా, ఉమ్ అల్ ఖువైన్‌లలో పనిచేసేవాళ్లకు చాలా ఏళ్లపాటు ఈ నిర్బంధం లేదు. 2025 జనవరి 1 నుంచి అక్కడా తప్పనిసరి చేశారు. ఏటా 320 దిర్హాముల ప్రాథమిక పాలసీ తీసుకుంటేనే వీసా వస్తుంది, రెన్యూవల్ అవుతుంది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు ఆగాల్సిన గడువు కూడా ఇందులో లేదు. కువైట్ 1999లోనే విదేశీయుల ఆరోగ్య బీమాకు చట్టం చేసుకుంది.

ఈ చట్టాల్లో ప్రతి గల్ఫ్ కుటుంబం గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. కార్మికుడి బీమా ప్రీమియం యజమానే కట్టాలి. ఆ సొమ్ము జీతంలో కోయకూడదు. సౌదీలోనూ, దుబాయ్‌లోనూ ఇది స్పష్టంగా రాసి ఉంది. ఇక్కడ ఏజెంటు దగ్గర వీసా కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు జీతం ఎంత, తిండి ఎవరిది, రూము ఎవరిది అని అడుగుతాం. ఇన్సూరెన్స్ కార్డు ఎప్పుడిస్తారు, అది ఏ ఆసుపత్రుల్లో చెల్లుతుంది అని అడిగేవాళ్లు అరుదు. తక్కువ ప్రీమియం పాలసీల్లో ఆసుపత్రుల జాబితా చిన్నది. వైద్యం ఖర్చులో ఐదో వంతు దాకా రోగి జేబులోంచి పోయే షరతు ఉంటుంది. క్యాంపుకు దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రికి పోతే ఆ కార్డు చెల్లకపోవచ్చు. ఈ వివరం జ్వరం వచ్చిన రాత్రి తెలియడం కన్నా జాయినయిన మొదటి వారం తెలుసుకోవడం మేలు.

చట్టం బాగున్నా అది యజమానిని, వీసాను పట్టుకుని నడుస్తుంది. కంపెనీ అకామా రెన్యూవల్ చేయకపోతే బీమా కూడా ఆగిపోతుంది. సప్లయ్ కంపెనీ మూతపడితే అంతే. ఆజాద్ వీసా మీద పోయి ఒక కఫీల్ (స్పాన్సరు) పేరుతో ఉంటూ ఇంకొకరి దగ్గర పనిచేసేవాడికి ఎక్కడ జబ్బు చేసినా, అతని కార్డు బాధ్యత తనదని ఒప్పుకునేవాళ్లు దొరకరు. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినవాళ్ల పేరు కార్మిక బీమా లెక్కల్లోకే రాదు. ఇక జీతం ఇవ్వక, కొట్టి, తిట్టి వేధిస్తే కంపెనీ వదిలి బయటికి వచ్చినవాళ్లు ఉన్నారు. మనవాళ్ల భాషలో కల్లివెల్లి అయినవాళ్లు. వాళ్లు మెడికల్ షాపులో గోలీలు కొనుక్కుని నెట్టుకొస్తారు. ఆసుపత్రికి పోతే పట్టుకుంటారన్న భయంతో ఛాతీ నొప్పి వచ్చినా కదలరు. బీమా అందరికన్నా ఎక్కువ అవసరమైనవాళ్లు వీళ్లే, ఏ జాబితాలోనూ లేనివాళ్లూ వీళ్లే.

ఇప్పుడు మన దేశం వైపు చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన తెచ్చింది. 2017 ఆగస్టులో దాన్ని సవరించింది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే చాలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా పది లక్షలు వస్తాయి. జబ్బు చేసి ఆసుపత్రిలో చేరితే లక్ష రూపాయల వరకు ఇస్తారు, అదీ ఒకసారి చేరినందుకు యాభై వేలకు మించకుండా. ఆరోగ్యం చెడి పనికి పనికిరాడని వెనక్కి పంపితే ఇంటికి టికెట్టు ఖర్చు ఇస్తారు. కంపెనీ మారినా, ఊరు మారినా పాలసీ చెల్లుతుంది. ఈ చివరి మాట చాలా మంచిది. గల్ఫ్ దేశాల బీమాల్లో ఏదీ ఇవ్వని సౌలభ్యం అది.

ఈ పథకానికి రెండు పెద్ద లోపాలున్నాయి. మొదటిది, ఎవరికి తప్పనిసరి అన్నది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్టు ఉండి, ఆ జాబితాలోని 18 దేశాల్లో ఒకదానికి పనికి పోయేవాడికే ఈ పాలసీ తప్పనిసరి. పదో తరగతి పాసైతే ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. యాభై ఏళ్లు దాటినా అక్కర్లేదు. మూడేళ్లకు పైగా విదేశంలో ఉండి వచ్చినా అక్కర్లేదు. ఈ మినహాయింపులు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పుట్టినవి. చదువుకున్నవాడు, అనుభవం ఉన్నవాడు మోసపోడులే అన్న ఆలోచన వాటి వెనక ఉంది. ఏజెంటు మోసం విషయంలో ఆ ఆలోచనకు కొంత అర్థం ఉండొచ్చు. గుండెకు, కిడ్నీకి ఆ లెక్క వర్తించదు. యాభై దాటినవాడికి జబ్బు చేసే అవకాశం ఎక్కువ. ఇరవై ఏళ్లుగా ఎండలో పనిచేసినవాడి ఒంట్లో అరుగుదల ఎక్కువ. సరిగ్గా వాళ్లనే పథకం తలుపు బయట నిలబెట్టింది. రాయికల్‌లో ఇప్పుడు గల్ఫ్‌కు పోయే కుర్రాళ్లలో పదో తరగతి దాటనివాళ్లు తక్కువ. అంటే కొత్తతరమూ బయటే, పాతతరమూ బయటే. మొదటిసారి పాలసీ చేయించుకున్నవాళ్లు కూడా రెండు మూడేళ్లకు గడువు తీరితే మళ్లీ కట్టించే వ్యవస్థ లేదు. సెలవుకు వచ్చి అదే వీసా మీద తిరిగి పోయేటప్పుడు ఎవరూ అడగరు. కాబట్టి పాలసీ మురిగిపోయిందన్న సంగతి శవపేటిక ఇంటికి వచ్చాక, పాస్‌పోర్టు సంచీలో కాగితం వెతికినప్పుడు తెలుస్తుంది.

రెండో లోపం ఇంకా లోతైనది. పది లక్షలు ప్రమాద మరణానికే. నిద్రలో గుండె ఆగి చనిపోతే రూపాయి రాదు. గల్ఫ్ నుంచి వచ్చే మరణ ధ్రువపత్రాల మీద గుండెపోటు అనో, సహజ మరణమనో రాసి ఉండటం మన జిల్లాల్లో అందరికీ తెలిసిన సంగతే. ముప్పై అయిదు, నలభై ఏళ్ల మనిషి, పోయేముందు మెడికల్‌లో ఫిట్ అనిపించుకున్న మనిషి, రాత్రి పడుకుని పొద్దున లేవకపోతే దాన్ని సహజమని ఎలా అంటారు? ఈ ప్రశ్న అంతర్జాతీయ స్థాయిలోనూ లేచింది. మానవ హక్కుల సంస్థలు కలిసి 2022లో వెలువరించిన వైటల్ సైన్స్ నివేదిక గల్ఫ్‌లో దక్షిణాసియా, ఆగ్నేయాసియా కార్మికుల మరణాల్లో సగానికి పైగా కారణం సరిగా తేల్చకుండానే నమోదవుతున్నాయని చెప్పింది. కారణం తేల్చకపోవడం వల్ల నష్టపోయేది కార్మికుడి భార్యాబిడ్డలు. ఎండదెబ్బ వల్ల పోయాడని తేలితే అది పనికి సంబంధించిన మరణమయ్యేది, కంపెనీ పరిహారం అడిగే దారి ఉండేది. సహజ మరణమని రాశాక ఆ దారి మూసుకుపోతుంది, ఇక్కడి బీమా దారి కూడా మూసుకుపోతుంది.

దీనికి మందు మన రాష్ట్రంలోనే ఉంది. 2018 ఆగస్టు 15న మొదలైన రైతు బీమాలో చావుకు కారణం అడగరు. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి అయిదు లక్షలు అందుతాయి, ప్రీమియం ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది. మొదటి ఏడాది ఒక్కో రైతుకు కట్టిన ప్రీమియం 2,271 రూపాయల 50 పైసలు. 2022 ఆగస్టు 7న అదే పద్ధతిలో నేతన్న బీమా వచ్చింది. సిరిసిల్ల మరమగ్గాల మీద పనిచేసేవాళ్లకు అది తెలిసిన పథకమే. అంటే సిరిసిల్లలో సాంచా నడిపే తమ్ముడికి ఏ కారణంతో పోయినా వర్తించే బీమా ఉంది. మగ్గం మీద బతుకు వెళ్లక షార్జా పోయిన అన్నకు లేదు. గల్ఫ్ కార్మిక సంఘాలు రైతు బీమా తరహాలో గల్ఫ్ బీమా కావాలని ఏళ్లుగా అడుగుతున్నాయి. ఆ కోరికలో అతిశయం ఏమీ లేదు.

రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఒక అడుగు వేసింది. గల్ఫ్ దేశాల్లో, ఇరాక్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు అయిదు లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. 2023 డిసెంబరు 7 తర్వాత జరిగిన మరణాలకు అది వర్తిస్తుంది. దరఖాస్తు కలెక్టరుకు ఇవ్వాలి. చాలా కాలంగా అడుగుతున్నది ఇచ్చారు, సంతోషం. అయినా ఎక్స్‌గ్రేషియా వేరు, బీమా వేరు. ఎక్స్‌గ్రేషియా మనిషి పోయాక వస్తుంది, ప్రభుత్వం ఇష్టం మీద నడుస్తుంది, రేపు మరో ప్రభుత్వం ఆపేస్తే అడిగే హక్కు ఉండదు. మనిషి బతికుండి మంచం పట్టిన కుటుంబానికి ఇందులో ఏమీ లేదు. పక్షవాతంతో వచ్చినవాడికి, డయాలసిస్ మీద బతుకుతున్నవాడికి, పరంజా మీంచి పడి నడుం విరిగినవాడికి సాయం చేసే ఏర్పాటు మన గల్ఫ్ విధానంలో కనిపించదు.

తిరిగి వచ్చినవాళ్ల ఆరోగ్యం గురించి ఇంకొంచెం మాట్లాడాలి. పోయేటప్పుడు రక్తం, మూత్రం, ఎక్స్‌రే అన్నీ చూస్తారు. గామ్కా అని పిలిచే ఈ మెడికల్ పాస్ కాకపోతే వీసా రాదు. పాత టీబీ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ ముద్ర వేసి పంపిస్తారు. అంటే ఇక్కడి నుంచి బయల్దేరేది ఏరికూరి ఎంచిన ఆరోగ్యవంతుల గుంపు. పదిహేనేళ్ల తర్వాత అదే మనిషి ఫైనల్ ఎగ్జిట్ మీద శంషాబాద్‌లో దిగితే ఎవరూ బీపీ కూడా చూడరు. ఎంత ఆరోగ్యం తీసుకుపోయాడో లెక్క ఉంది, ఎంత వెనక్కి తెచ్చుకున్నాడో లెక్క లేదు. గల్ఫ్ నుంచి తిరిగి వస్తున్న నేపాలీ యువకుల్లో కిడ్నీలు చెడిపోయినవాళ్లు ఎక్కువగా కనిపిస్తున్నారని నేపాల్ వైద్యులు కొన్నేళ్లుగా హెచ్చరిస్తున్నారు. ఎండలో గంటల తరబడి పని, తగినన్ని నీళ్లు తాగే వీలు లేకపోవడం, నొప్పి గోలీలు విపరీతంగా వాడటం అందుకు కారణాలుగా చెబుతున్నారు. మనవాళ్లు పనిచేసేదీ అవే సైట్లలో, ఉండేదీ అవే క్యాంపుల్లో. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట పని నిషేధం. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పది నుంచి సాయంత్రం మూడున్నర వరకు నిషేధం. ఆ దేశాలే ప్రమాదాన్ని ఒప్పుకుని చట్టం చేసుకున్నాయి. ఆ ప్రమాదం మన ఊళ్లకు ఏ రూపంలో తిరిగి వస్తోందో కొలిచే ప్రయత్నం మనమే చేయడం లేదు.

జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. తిరిగి వచ్చిన ప్రతి కార్మికుడికి అక్కడ ఒక్కసారి క్రియాటినిన్, షుగరు, బీపీ, ఈసీజీ చూడటానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. చూసిన వివరాలు భద్రపరిస్తే రెండు మూడేళ్లలో ఈ ప్రాంతపు వలస ఆరోగ్యం మీద రాష్ట్రంలో ఎక్కడా లేని సమాచారం చేతికి వస్తుంది. ఆ విద్యార్థులకు ఇంతకన్నా మంచి పరిశోధన అంశం నాకు తోచడం లేదు.

ఊరికి చేరాక దిక్కు ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. గుండె ఆపరేషన్‌కు, క్యాన్సర్‌కు, డయాలసిస్‌కు అదే ఆధారం. గల్ఫ్ నుంచి వచ్చిన పేద కుటుంబాలను అది ఎన్నోసార్లు నిలబెట్టింది, దాని విలువ తగ్గించి మాట్లాడలేం. కానీ ఆసుపత్రిలో చేరితేనే అది పనిచేస్తుంది. నెలనెలా షుగరు గోలీలు, బీపీ గోలీలు, రక్తపరీక్షలు అందులో రావు. పక్షవాతం వచ్చినవాడికి నెలల తరబడి కావాల్సిన ఫిజియోథెరపీ ఖర్చు ఇంటి మీదే పడుతుంది. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసినప్పుడు ఈ ఒక్క ఆధారం కూడా ఎంత సన్నటి దారం మీద వేలాడుతోందో అర్థమైంది.

కార్డు సమస్య ఒకటుంది. ఆరోగ్యశ్రీ ఆహార భద్రత కార్డు ఉన్న పేద కుటుంబాల కోసం పుట్టింది. ఆ కార్డుకు ఈ-కేవైసీ చేయాలంటే మనిషి రేషన్ దుకాణానికి వచ్చి వేలిముద్ర వేయాలి. రియాద్‌లో ఉన్నవాడు వేలిముద్ర ఎలా వేస్తాడు? పేరు పోతుందేమోనన్న భయం గల్ఫ్ ఇళ్లను పట్టుకుంది. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు కాబట్టి మీరు పేదలు ఎలా అవుతారని అడిగేవాళ్లూ ఉన్నారు. వీసాకు చేసిన అప్పు మిత్తీతో కట్టుకుంటూ నెలకు వెయ్యి దిర్హాములు సంపాదించేవాడి ఇల్లు పేదిల్లే. అతని భార్య కోరుట్లలో బీడీలు చుట్టే మనిషే. గల్ఫ్‌లో ఉన్న సభ్యుడి పేరు కార్డులో కొనసాగేలా, సెలవుకు వచ్చినప్పుడు వేలిముద్ర వేసే వీలుండేలా స్పష్టమైన ఉత్తర్వు ఉండాలి. అది పౌరసరఫరాల శాఖకు ఒక రోజు పని.

కొంత సంపాదన నిలిచిన కుటుంబాలు ప్రైవేటు ఆరోగ్య పాలసీ గురించి ఆలోచించాలి. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. గల్ఫ్‌కు పోయిన తొలి ఏడాదే, ఒంట్లో ఏ జబ్బూ లేనప్పుడే, ఇండియాలో చెల్లే కుటుంబ పాలసీ ఒకటి తీసుకోవాలి. అక్కడ కంపెనీ బీమా ఉంది కదా, ఇక్కడ దండగ అని అనుకోవద్దు. ప్రవాసులు మన దేశంలో ఆరోగ్య పాలసీ తీసుకోవడానికి అడ్డేమీ లేదు. భార్యాపిల్లలు ఎలాగూ ఇక్కడే ఉంటారు. అన్నింటికన్నా ముఖ్యం, ముందునుంచే ఉన్న జబ్బులకు ఆగాల్సిన గడువు. బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆ గడువును నాలుగేళ్ల నుంచి గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించింది. యాభై ఏళ్లకు షుగరు, బీపీలతో ఇంటికి వచ్చి అప్పుడు పాలసీ తీసుకుంటే ఆ జబ్బులకు మూడేళ్లు ఆగాలి. కంపెనీ కాదనే హక్కూ ఉంటుంది. ముప్పై ఏళ్లప్పుడు తీసుకుని క్రమం తప్పకుండా కట్టినవాడికి ఆ బెడద ఉండదు. అయిదేళ్లు నిరంతరాయంగా కట్టాక, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచావన్న సాకుతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదన్న నిబంధన కూడా 2024లోనే వచ్చింది. 65 ఏళ్లు దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న పాత హద్దునూ ఎత్తేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. అరవై దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి పది శాతానికి మించి పెంచాలంటే నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించారు.

పాలసీ ఫారం నింపే ఏజెంటు షుగరు సంగతి రాయొద్దు, ప్రీమియం పెరుగుతుంది అంటే ఒప్పుకోవద్దు. అతని కమీషన్ అతనికి వస్తుంది. క్లెయిమ్ తిరస్కరిస్తే ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడేది మీ ఇల్లాలు.

డెబ్బై దాటినవాళ్లకు కేంద్రం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు తెచ్చింది. ఆదాయంతో పని లేదు, ఆధార్‌లో వయసు చాలు, ఏటా అయిదు లక్షల వరకు వైద్యం. 1980ల్లో మస్కట్, బహ్రెయిన్ పోయి వచ్చిన తొలితరం పెద్దలు ఇప్పుడు ఈ వయసులో ఉన్నారు. వాళ్ల కోసం ఇంట్లో ఎవరైనా ఆ కార్డు చేయించి పెట్టాలి. అయితే గల్ఫ్‌వాళ్లు సాధారణంగా యాభైకీ అరవైకీ మధ్య ఇంటికి చేరతారు. అక్కడి నుంచి డెబ్బై దాకా పది నుంచి ఇరవై ఏళ్లు ఏ కార్డు మీద బతకాలి? కొందరు అందుకే అక్కడే ఇంకా ఉండాలని చూస్తారు. ఆ దారి కూడా ఇరుకే. కువైట్ 2022లో, డిగ్రీ లేని అరవై ఏళ్లు దాటిన విదేశీయులకు రెన్యూవల్ కావాలంటే 250 దినార్ల రుసుము, దానికి తోడు సుమారు 500 దినార్ల ప్రైవేటు ఆరోగ్య బీమా కట్టాలని షరతు పెట్టింది. డ్రైవరుగానో, దర్జీగానో ముప్పై ఏళ్లు అక్కడ గడిపినవాళ్లు ఆ లెక్క చూసి సామాను సర్దుకున్నారు. జబ్బులు మొదలయ్యే వయసులో బీమా ఖరీదే మనిషిని ఆ దేశం నుంచి బయటికి తోసింది.

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో పోయే తల్లిదండ్రుల సంగతి కొంచెం వేరు, కాని వాళ్లూ ఈ ప్రాంతంలో పెరుగుతున్నారు. ఆరు నెలల విజిట్‌కు పోయేటప్పుడు తీసుకునే ప్రయాణ బీమా పాత జబ్బులను సాధారణంగా మోయదు. హఠాత్తుగా ముదిరితే కొంత ఇస్తామన్న షరతు ఉంటుంది, ఆ పరిమితి ఎంతో చదివి తీసుకోవాలి. గ్రీన్‌కార్డు వచ్చినా 65 దాటిన వెంటనే మెడికేర్ రాదు. అక్కడ పదేళ్ల పని చరిత్ర లేనివాళ్లు వరుసగా అయిదేళ్లు నివసించాకే డబ్బు కట్టి చేరగలరు. అందుకే ఇక్కడి పాలసీని, అమెరికా పోతున్నాం కదా అని, ఆపేయకూడదు.

రాష్ట్రం ఏం చేయగలదో కేరళ చూపించింది. 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం నోర్కా కేర్ పేరుతో ప్రవాసులకు గ్రూపు బీమా ప్రారంభించింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలకు ఏటా 13,411 రూపాయలు, ఒక్కరికైతే 8,101. అయిదు లక్షల ఆరోగ్య బీమా, పది లక్షల ప్రమాద బీమా. పాత జబ్బులున్నా చేర్చుకుంటారు. ప్రీమియం చిన్నదేం కాదు, క్యాంపు కార్మికుడికి భారమే. అందుకే తెలంగాణ అదే నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చుకోకుండా, తక్కువ జీతం ఉన్నవాళ్ల వాటాలో సగమైనా ప్రభుత్వమే కట్టే పద్ధతి పెట్టాలి. ఇంటికి తిరిగి వచ్చాక కనీసం అయిదేళ్లు అదే పాలసీ అదే ధరకు కొనసాగాలి. వచ్చిన తర్వాతి అయిదేళ్లు ఎందుకు అంటే ప్రైవేటు పాలసీలో పాత జబ్బులకు ఆగాల్సిన గడువు, జబ్బు బయటపడే సమయం రెండూ అక్కడే కలుస్తాయి. గల్ఫ్‌కు పోయేవాళ్లను నమోదు చేసే యంత్రాంగం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ రూపంలో ఇప్పటికే ఉంది. ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి ఉంది. కొత్త శాఖ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

కేంద్రం చేయాల్సింది ఇంకా సులువు. ప్రవాసీ భారతీయ బీమాలో ప్రమాద మరణం అన్న మాట తీసి మరణం అని రాయాలి. ప్రీమియం పెరుగుతుంది, పెరగనివ్వండి. 375 రూపాయలది వెయ్యి అయినా, రెండు వేలయినా వీసాకు లక్షలు పెట్టేవాడు కడతాడు. పాస్‌పోర్టు ముద్రతో ముడి తెంపి ఆ 18 దేశాలకు పనికి పోయే ప్రతి మనిషికీ, చదువు, వయసు చూడకుండా, తప్పనిసరి చేయాలి. గడువు తీరే నెల ముందు ఫోనుకు తెలుగులో సందేశం రావాలి. వైద్యం పరిమితి లక్ష రూపాయలన్నది దుబాయ్ ఆసుపత్రిలో ఒకటి రెండు రోజుల ఖర్చు. దాన్ని కనీసం పది లక్షలు చేయాలి. అప్పటిదాకా అక్కడ ఆపదలో పడ్డవాళ్ల కోసం రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి ఉన్న భారతీయ సమాజ సంక్షేమ నిధిని అడగాలి. అత్యవసర వైద్యానికి, మృతదేహం తరలింపుకు దాన్ని వాడే వీలుంది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచే ఫిర్యాదు నమోదు చేయొచ్చు. పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాపీ, ఇన్సూరెన్స్ కార్డు ఫోటో ఇంట్లో ఉంటే ఆ పని గంటలో అవుతుంది. లేకపోతే కంపెనీ పేరు తెలుసుకోవడానికే వారం పడుతుంది.

జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల శాసనసభ్యులు, కరీంనగర్, నిజామాబాద్ పార్లమెంటు సభ్యులు పార్టీలకతీతంగా ప్రవాసీ భారతీయ బీమాలో ఈ సవరణలను లిఖితపూర్వకంగా అడగాలి. ప్రచారానికి వచ్చినప్పుడు గల్ఫ్ ఓటర్ల ఇళ్లకు ఫోన్లు చేయించేవాళ్లకు విదేశాంగ శాఖకు ఒక ఉత్తరం రాయడం కష్టం కాదు. ఆ ఉత్తరం కాపీని రాయికల్ మున్సిపాలిటీ నోటీసు బోర్డు మీద, మండలంలోని ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద పెట్టమని అడిగే హక్కు గల్ఫ్ కుటుంబాలకు ఉంది.